అష్టమి నాటి కుంటి నడకలు

తెప్పెక్కిన పంతొమ్మిదో ఏడు, మార్గశిర శుద్ధ పంచమి, సోమవారం

ఈ రోజు పనులు: తెప్ప కింద వేలాడే వాననీళ్ల సంచిలోంచి ఆరు బిందెలు పైకి లాగడం, ఎడమ చేత్తో. ఎండు చేపలు తిరగేయడం. ఆయనకు నూనె రాసి వేణ్నీళ్ల స్నానం. పై అరలో మిగిలిన రెండు డబ్బాలు కూడా కిందికి దించడం. కందిపప్పు, మినప్పప్పు ఇప్పుడు నా నడుమెత్తులో అందుతాయి. సాయంత్రం ఓబిలేశ్వరికి భోజనం, సోమవారం మా వంతు కాబట్టి.

పూర్వం చదువుకునే పిల్లలు ఇంటికొక రోజు చొప్పున వారాలు చేసుకుని తినేవాళ్లట, మా నాయనమ్మ చెప్పేది. ఓబిలేశ్వరి మా తెప్పకు ఫిజియోమ్మగా వచ్చినప్పుడు మేము ఆ పద్ధతే పెట్టాం. ఏడు రోజులకు ఏడిళ్లు. ఏ ఇల్లు ఏ వారమో రాసి పెట్టేది నేనే. ఈ తెప్ప మీద ఏది రాయాలన్నా నాంచారమ్మను పిలవండి అంటారు.

సముద్రం కొల్లేటి దాకా వచ్చి లంకలు మునిగినప్పుడు మా ఊరు నలభై ఇళ్లతో తెప్ప ఎక్కింది. అప్పటినుంచీ నేల మా కాళ్ల కింద కొద్దిగా ఊగుతూనే ఉంది. జబ్బేమిటో జిల్లా ఆసుపత్రి పంపిన కంప్యూటరు పెట్టె చెబుతుంది. మేం తూనీగ అనే డ్రోను ఎగిరొచ్చి మందు గుమ్మంలో పడేసి పోతుంది. పడిపోయిన కాలును పట్టుకుని మళ్లీ నిలబెట్టడం మాత్రం పెట్టె వల్లా కాదు, తూనీగ వల్లా కాదు. దానికి మనిషి చేతులు కావాలి. ఆ చదువు చదివినవాళ్లు తక్కువ, వాళ్లలో నీళ్ల మీదికి వచ్చేవాళ్లు మరీ తక్కువ.

ఓబిలేశ్వరిది అనంతపురం వైపు. మోకాలు లోతు నీళ్లు చూడకుండా పెరిగిన పిల్ల. వచ్చిన మొదటి వారం వంతెన పలక మీద నాలుగు కాళ్లతో పాకింది. ఇప్పుడు చేతిలో పళ్లెం పట్టుకుని నడిచి వస్తుంది. నన్ను చిన్నమ్మా అంటుంది, ఆయన్ను చిన్నాయనా అంటుంది.

ఇవాళ కొరమీను పులుసు. "ఇది ఏడో చేప చిన్నమ్మా ఈ వారంలో" అంది.

"మరి ఇక్కడ నీళ్లలో మేకలు దొరకవుగా" అన్నారు మా ఆయన ఏడుకొండలు.

"ఒక జొన్నరొట్టె దొరికితే చాలు చిన్నాయనా. మేక వద్దు."

తిన్నాక ఆయన ఎడమ కాలు తన ఒళ్లో పెట్టుకుని మడమ పట్టి తిప్పింది. పోయిన ఏడు పక్షవాతంతో పడిపోయిన కాలు అది. ఆయన కళ్లు మూసుకుని, ఆ కాలు లేవదన్నట్టు బరువుగా వదిలేశారు. నేను గిన్నెలు కడిగే నెపంతో అటు తిరిగాను. రెండు నెలలుగా ఆ కాలు లేస్తూనే ఉంది.


శుద్ధ అష్టమి, గురువారం

పనులు: నీళ్లు నాలుగు బిందెలే. మిగతా పొద్దంతా కొలత పలక దగ్గర.

అష్టమికి పోటు తక్కువ, తెప్ప నిలకడగా ఉంటుంది. అందుకే అష్టమి అష్టమికి పలక పరుస్తారు. దాని మీద అందరం నడవాలి. ఎవరి అడుగు ఎలా పడిందో పెట్టెకు తెలిసిపోతుంది. నడక బాగోనివాళ్లు పదిహేను మందికి తగ్గితే ఫిజియోను ఇంకో ఊరికి పంపేస్తారు.

ఇంతకు ముందు రాజమండ్రి కుర్రాడొకడు వచ్చాడు. గట్టి పనివాడు. ఎనిమిది నెలల్లో అందరినీ నడిపించాడు. తొమ్మిదో నెలలో వాణ్ని తీసుకుపోయారు. తర్వాత ఏడాదిన్నర ఎవరూ లేరు. ఆ మధ్యలోనే తెప్ప పెద్ద కోటమ్మత్త భర్త సుబ్బరాయుడు మామయ్య మోకాలు విరిగింది. చూసే చేతులు లేక అది వంగినట్టే బిగుసుకుపోయింది. ఇంక తిన్నగా సాగదు. మా ఆయన పడిపోయిందీ ఆ రోజుల్లోనే. ఓబిలేశ్వరి దిగేసరికి ఆయన గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయేవారు.

అందుకని ఈసారి పిల్ల పోకుండా కోటమ్మత్త ఉపాయం చెప్పింది. బాగుపడినవాళ్లు అష్టమి నాడూ, ఆ పిల్ల కంటబడినప్పుడూ కుంటాలి. అందరూ ఒకే కాలు కుంటితే పెట్టెకు అనుమానం వస్తుందని వంతులు వెయ్యమంది. వేసింది నేనే. ఎవరు ఏ కాలు, ఎంత. వారాలు వేసినంత శ్రద్ధగా వేశాను.

ఇవాళ జాలయ్య మర్చిపోయి రెండో కాలు కుంటించాడు. వెనక నుంచి వాళ్లావిడ "అది కాదయ్యా, ఇవతలిది" అని గొణిగింది. సారమ్మవ్వయితే ఇద్దరి భుజాల మీద వేలాడుతూ మూలుగుతూ వచ్చింది. కోటమ్మత్త ఆమె చెవి దగ్గర "నిన్ను నడవలేనిదానిలా చెయ్యమన్నాం, పోయినదానిలా కాదు" అంది.

నవ్వాపుకోవడం కష్టమైంది. ఓబిలేశ్వరి మాత్రం మా ముఖాలు చూడలేదు. తలొంచుకుని పలక చూపించే గీతలనే చూస్తోంది. అంతా అయ్యాక తెప్ప అంచున కూర్చుని రెండు చేతులూ నీళ్లలో పెట్టుకుంది.

"చిన్నమ్మా, ఉప్పునీళ్లకు చేతులు మొద్దుబారతాయా?"

"నాకు తెలియదే. ఎందుకు?"

"ఊరికే."


శుద్ధ ద్వాదశి, సోమవారం

పనులు: ఆరు బిందెలు. ఒక వల బాగుచేయడం. బజారు పడవ కోసం చీటీ. ఓబిలేశ్వరికి భోజనం: వంకాయ కూర, పెరుగు. ఆ పిల్ల కోసం చేప మానేశాను. సగం కూడా తినలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పింది. "బహుళ అష్టమి పడవకు పోతాను చిన్నమ్మా. బదిలీ అడిగినాను."

చేతిలో మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. జీతం చాలలేదా అన్నాను. చాలుతుందంది. ఎవరైనా ఏమైనా అన్నారా అంటే, "ఎవరంటారు? నడుస్తుంటే ముగ్గురు గొడుగు పడతారు" అంది.

"మరి?"

తన అరచేతులు రెండూ ఒళ్లో తెరిచి పెట్టుకుంది. "ఇక్కడికొచ్చి అయిదు నెలలు. మొదటి రెండు నెలలూ గీత బాగానే లేచింది. ఆ తరువాత నేను పట్టిన కాలు ఒక్కటి కూడా ముందుకు పోలేదు. ఇంకా వెనక్కి వచ్చినాయి. పోయిన అష్టమికి జాలయ్యన్నకు రెండో కాలు కూడా పట్టేసింది. నేనేదో తప్పు పడుతున్నాను. ఏమిటో తెలీడం లేదు. నా చేతుల్లో పనితనం లేదు చిన్నమ్మా. మంచి మనిషిని పంపమని రాసినాను. చిన్నాయన కాలు ఆలస్యమైతే మళ్లీ దొరకదు."

ఆయన గోడ వైపు చూస్తూ పడుకున్నారు.

నేను వేసిన వంతులు. నేను రాసిన ఎడమ, నేను రాసిన కుడి. జాలయ్య రెండో కాలు ఆ పిల్ల చేతుల మీదికి పోయింది.


త్రయోదశి, మంగళవారం

పనులు: ఏవీ సరిగా కాలేదు. అన్నం అడుగంటింది.

కోటమ్మత్త ఇంటి వరండాలో అందరం చేరాం. విషయం చెప్పాను. వెంటనే తలా ఒక మాట. వారానికి రెండు సార్లు పాయసం చేద్దామన్నారు ఒకరు. సొంతంగా పడవ కొనిద్దామన్నారు ఇంకొకరు. జాలయ్య తమ్ముడికిచ్చి పెళ్లి చేస్తే ఎక్కడికీ పోదని సారమ్మవ్వ అంది.

"అవ్వా, వాడు నిద్రలో పళ్లు నూరతాడు" అన్నాడు జాలయ్య. "ఆ పిల్ల రేపే పోతుంది."

నేను చెప్పాను. "పాయసం సంగతి కాదు అత్తా. మనం కుంటుతున్నామని ఆ పిల్లకు తెలియదు. తన చేతులు పనికిరావనుకుంటోంది. నిజం చెప్పేద్దాం."

కోటమ్మత్త ఇంటి లోపలి వైపు చూసింది. లోపల సుబ్బరాయుడు మామయ్య కర్ర చప్పుడు వినిపిస్తోంది.

"చెబితే ఏమవుతుందో ఆలోచించావా నాంచారమ్మా? మనం ఆడింది అబద్ధమని తెలిస్తే ఆ పిల్ల ముఖం తిప్పుకుని పోతుంది. పోనీ మనసు పెద్దది చేసుకుని ఉంటానంటుందనుకో. వచ్చే అష్టమికి కొలత పలక మీద సరిగ్గా నడవాలిగా. పదిహేను మంది ఉండం. అప్పుడు పెట్టే పంపించేస్తుంది. ఎటు తిరిగినా పోయేదే. ఇంకా బాగుపడాల్సినవాళ్లలో మొదటివాడు మీ ఆయనే. నాకేం, మీ మామయ్య మోకాలు ఇంక ఎవరొచ్చినా సాగదు. ఆ మోకాలు రోజూ చూస్తూ చెబుతున్నాను ఈ మాట."

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. "ఊరంతా ఒక పిల్లను మోసం చేస్తోందంటే అది నా కాలి కోసమేనన్నమాట" అన్నారు. మీ ఒక్కరి కాలి కోసం కాదులెండి అన్నాను. వినలేదు.


పౌర్ణమి, గురువారం

పనులు: ఆరు బిందెలు. బియ్యం ఏరడం. తక్కినవి కింద రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి నేను సంచి దగ్గర నీళ్లు లాగుతుంటే ఆయన చొక్కా వేసుకుని బయటికి వచ్చారు. కర్ర లేదు. పౌర్ణమి పోటుకు తెప్ప బాగా ఊగుతోంది. మా వరసకూ ఓబిలేశ్వరి ఉండే గదికీ మధ్య వంతెన పలక. ఆయన సరాసరి దాని మీదికి ఎక్కారు.

నేను బిందె వదిలేశాను. పిలిస్తే తిరిగి చూసి పడతారని పిలవలేదు.

సగం దాకా బాగానే వెళ్లారు. నడుమకొచ్చేసరికి పలక ఒక్కసారి పక్కకు ఒరిగింది. నిలబడిపోయారు. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. అప్పుడే ఓబిలేశ్వరి తలుపు తీసింది. పరుగెత్తుకొచ్చి ఆయనకు ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగింది. పట్టుకోలేదు.

"నీళ్ల వైపు చూడొద్దు చిన్నాయనా. నా ముఖం చూడు. తెప్ప ఒరిగినప్పుడు నువ్వు ఎదురు నిలబడొద్దు, దానితోపాటే ఒరుగు. ఆ, అట్లే. ఇప్పుడు ఎడమ కాలు."

ఎడమ కాలు లేచింది. చక్కగా, మోకాలి దాకా వంగి లేచి ముందుకు పడింది.

ఆ పిల్ల ముఖంలో ముందు సంతోషం వచ్చింది. వెంటనే అది ఆగిపోయింది.

"ఈ కాలు ఎప్పటినుంచి లేస్తోంది?"

"రెండు నెలలైందమ్మా" అన్నారు ఆయన, పలక మీద నిలబడే. "ఆ మాట చెప్పడానికే వస్తున్నా. పొడి నేల మీదయితే ఎప్పుడో వచ్చేవాణ్ని. ఈ పలకే నన్ను ఆపింది."

ఆయన్ను మెల్లగా వెనక్కి నడిపించి మా అరుగు మీద కూర్చోబెట్టింది. మిగిలిందంతా నేను చెప్పాను. రాజమండ్రి కుర్రాడు, మామయ్య మోకాలు, కోటమ్మత్త ఉపాయం, జాలయ్య మర్చిపోయిన కాలు. వంతులు వేసింది నేనేనని కూడా చెప్పాను. ఆ పిల్ల నవ్వుతుందేమోనని లోపల ఎక్కడో ఆశ పెట్టుకున్నాను. నవ్వలేదు.

"మూడు నెలలు చిన్నమ్మా. రోజూ పడుకునే ముందర నా చేతులు చూసుకున్నాను. మా అమ్మకు ఫోను చేసి నాకు ఈ పని రాదేమోనమ్మా అన్నాను. మా అమ్మ ఏడ్చింది."

వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

లేచి వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. "మీరందరూ నాకు ఒక నడక బాకీ. దొంగ నడక కాదు, అసలుది. నేను పోయే లోపల అది చూసి పోతాను."

బాకీల పేజీలో రాశాను. ఆయన పేరు మొదట రాశాను. ఆ వంతెన పలక మొత్తం దాటితేనే అది తీరినట్టని ఆయనే చెప్పారు.


బహుళ పాడ్యమి, శుక్రవారం

పనులు: మూడు బిందెల దగ్గరే ఆగిపోయింది. ఎందుకో రాస్తాను.

పొద్దున ఆడవాళ్లందరం నీళ్లు లాగే వేళ. సూర్యపలకల కరెంటంతా పెట్టెకూ చేపల ఐసుకూ సరిపోతుంది కాబట్టి నీళ్లకు చేతులే గతి. ఓబిలేశ్వరి వచ్చి తెప్ప అంచున నిలబడింది. నాతో మాట్లాడదనుకున్నాను. చాలాసేపు వరస పొడుగునా చూసింది.

"ఈ తెప్పలో ఆడవాళ్లంతా ఎడమ చేతివాటమా చిన్నమ్మా?"

"కాదే. కుడి చెయ్యి పైకి లేవదు."

"ఎవరికి?"

అటూ ఇటూ చూశాను. జాలయ్య భార్య, కోటమ్మత్త కోడలు, పక్కింటి పైడమ్మ. అందరూ ఎడమ చేత్తోనే లాగుతున్నారు. నేనెప్పుడూ అలా చూడలేదు.

"ఎప్పటినుంచి లేవదు?"

"ఏమో. ఏళ్లయింది. మొదట నొప్పి ఉండేది. తర్వాత అలవాటైపోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇది జబ్బు కాదుగా. పని చేసిన చెయ్యి" అంది పైడమ్మ.

ఓబిలేశ్వరి నా వెనకకు వచ్చి ఒక చెయ్యి భుజం ఎముక మీద పెట్టి, రెండో చేత్తో నా మోచెయ్యి పట్టి నెమ్మదిగా ఎత్తింది. చెవి దాకా కూడా రాలేదు. నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. నాదేనా అనుకున్నాను.

"పెట్టె మీకు కొలిచేది కాళ్లు. చేతుల సంగతి అది అడగలేదు, మీరు చెప్పలేదు" అంది. ఆ పిల్ల గొంతులో కోపం ఉంది, కానీ నిన్నటి కోపం కాదు. "బాగున్న కాళ్లను కుంటించినారు. లేవని చేతుల్తో నీళ్లు తోడుకుంటున్నారు. ఏం మనుషులు చిన్నమ్మా మీరు."

అందరినీ కోటమ్మత్త ఇంటి గోడ దగ్గరికి తీసుకుపోయింది. గోడకు ఆనుకుని నిలబడి చెయ్యి ఎంత ఎత్తగలిగితే అంత ఎత్తమంది. అక్కడ బొగ్గుతో గీత, పక్కన పేరు. మధ్యాహ్నానికి సున్నం గోడంతా గీతలే. కొన్ని భుజం దగ్గర, కొన్ని చెవి దగ్గర. తల దాటిన గీతలు పెళ్లికాని పిల్లలవే. కోటమ్మత్త తన గీత చూసుకుని, "నా జడ నేను వేసుకోక ఎన్నాళ్లయిందో" అంది. ఓబిలేశ్వరి ఆ గోడ ఫొటో తీసి, ఒక్కొక్క చేతిని విడిగా పరీక్షించి, అన్నీ పెట్టెకు పంపింది.

ఎవరు ఎన్ని బిందెలు తోడారో, ఎవరి వంతు ఎప్పుడో ఇన్నేళ్లు రాశాను. నా డబ్బాలు ఒక్కొక్క అరే కిందికి దిగుతున్న సంగతి కూడా రాశాను. ఎందుకు దిగుతున్నాయో రాయలేదు.

భోజనానికి ఎవరింటికీ రాలేదు. ఇవాళ్టి వారం వాళ్లు పళ్లెం పట్టుకుని వెళితే తలుపు తీసి, తీసుకుని, మళ్లీ వేసుకుందట. తీసుకుంది కదా అన్నాను.


బహుళ అష్టమి, శుక్రవారం

పనులు: పొద్దున్నే రెండు బిందెలు, రెండు చేతుల్తో, ఓబిలేశ్వరి చూపించినట్టు తాడు నడుముకు ఆనించి. ఆయనకు ఉతికిన పంచె. మధ్యాహ్నం నుంచి కొలత పలక దగ్గర.

ఇవాళ కుంటి వంతులు లేవు. జాలయ్య అలవాటుగా కుంటబోయి నాలుక కరుచుకున్నాడు. సారమ్మవ్వ పలక మీద వయసులో ఉన్న పిల్లలా నడిచి, చివర వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూసింది. ఓబిలేశ్వరి తలొంచుకోలేదు ఈసారి. ప్రతి నడకా చూసింది. కొందరిని మళ్లీ నడవమంది, ఊరికే చూడటానికి.

చివరకు నడక బాగోనివాళ్లు తొమ్మిది మంది తేలారు. కోటమ్మత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో చేతుల లెక్క కూడా కలిసి పెట్టె జవాబు వచ్చింది. భుజం పట్టేసిన ఆడవాళ్లు ఇరవై మూడు. ఈ తెప్పకు ఫిజియోను ఉంచాలి, తక్కిన తెప్పల్లో కూడా చేతులు చూడాలి అని. ఒక్క మనిషి సరిపోతుందా అని కూడా అడిగింది.

పోస్టు ఉంటుంది. పిల్ల ఉంటుందో లేదో మాత్రం ఎవరూ అడగలేకపోయాం. బదిలీ కాగితం ఇంకా తన దగ్గరే ఉంది. మూడింటికి పడవ వచ్చింది.

పడవాయన తాడు కట్టి, "ఓబిలేశ్వరి ఎవరండీ" అన్నాడు. తను ముందుకు వెళ్లింది. చేతిలో సంచి లేదు. పడవలోంచి ఒక చిన్న పొయ్యి, ఒక పెనం, ఒక జొన్నపిండి మూట దించాడు. తను బదిలీ కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, పొయ్యి ఊగకుండా దాని కాలి కింద ఎత్తు పెట్టింది.

"ఇదేంటమ్మాయ్" అంది కోటమ్మత్త.

"ఇంక వారాలు వద్దు పెద్దమ్మా. రోజుకొక ఇంట్లో చుట్టంలా కూర్చుంటే, ఎప్పుడు లేచి పోవాల్నో అనే ఉంటుంది. నా అన్నం నేను వండుకుంటాను. ఉప్పు అయిపోతే మీ ఇంటికొచ్చి అడుగుతాను. మీకు అయిపోతే నా తలుపు కొట్టండి. మూసి ఉంటే మాత్రం పొద్దున కొట్టండి. ఇంకొకటి. ఇంకెప్పుడన్నా నాతో అబద్ధమాడితే చెప్పి ఆడండి."

"పాయసం కూడా వద్దా?" అంది సారమ్మవ్వ.

"పాయసం గురించి నేనేమీ అనలేదవ్వా."

అప్పుడు మా ఆయన లేచారు. ఎవరూ లేవమనలేదు. అష్టమి నీళ్లు నిలకడగా ఉన్నా వంతెన పలక పలకే, అడుగు పెడితే ఊగుతుంది. ఓబిలేశ్వరి పెనం చేతిలో పట్టుకునే దాని అవతలి కొసకు వెళ్లి నిలబడింది. ఈసారి ఎదురు రాలేదు. ఏమీ చెప్పలేదు. నడుమ పలక ఒరిగింది. ఆయన దానితోపాటే ఒరిగారు, మళ్లీ లేచారు, ఎడమ కాలు ఎత్తి వేశారు. ఆవలికి చేరాక ఆ పిల్ల తన చేతులు ఒకసారి చూసుకుని కొంగుకు తుడుచుకుంది.

"తీరిందా?" అన్నారు ఆయన.

"రొట్టెలు చేస్తాను, కూర్చో చిన్నాయనా" అంది.

సాయంత్రం రెండు జొన్నరొట్టెలు మా ఇంటికి వచ్చాయి. ఒకటి కొంచెం మాడింది. పళ్లెం కడిగి, ఖాళీగా పంపకూడదని చారెడు కందిపప్పు పోశాను. డబ్బాను కింది అరలో పెట్టలేదు. కుడి చేత్తో మధ్య అరకు ఎక్కించాను. పై అరకు ఇంకా టైము పడుతుంది.

బాకీలు: ఓబిలేశ్వరికి ఏడుకొండలు పడిన నడక, ఒకటి. ఈ రోజు వంతెన పలక దాటి ముట్టజెప్పారు. చెల్లు.